ఎలుకగా పుట్టని పాపానికి

పార్కిన్సన్స్ జబ్బు రాసిపెట్టి ఉంటే అది ఎలుకకే రావాలండీ! మనిషికి వచ్చి ఏం లాభం?

నేను ఊరికే అనడం లేదు. మా బల్గేరియా కొండల కింద, మా ఊళ్ళోనే, ఈ వణుకుడు జబ్బుకి మూలికలతో మందు వెతికే ప్రయోగశాల ఒకటుంది. ఎనిమిదేళ్ళుగా అక్కడ ఎలుకలకు నయమవుతూనే ఉంది. మనుషుల సంగతా? వాళ్ళ వంతు ఇంకా రాలేదు.

ఆ ఎలుకల వైభోగం చూడాలి! ఏసీ గది. పొద్దున్నే బరువు చూస్తారు. తిరిగే కర్ర మీద నడిపించి, ఎన్ని సెకన్లు పడకుండా నిలిచిందో స్టాప్‌వాచ్ పట్టుకుని రాసుకుంటారు. ఇదే జబ్బుతో మా అక్క స్తమేనా పోయినేడు వంటింట్లో మూడుసార్లు పడింది. ఎవరైనా రాసుకున్నారా? నరాల డాక్టరు దర్శనానికి ఏడు నెలలు ఆగమన్నారు. తెలిసినవాళ్ళుంటే వేరే సంగతి. మాకెవరున్నారు?

ఇంకో గొప్ప విషయం. ఎలుకకి జబ్బు తెప్పించే ఇంజెక్షన్‌కి వారం ముందునుంచే ఆకు రసం పడుతుంది. ఎంత ముందుచూపు! "మరి మనుషులెప్పుడు మొదలుపెట్టాలమ్మా?" అని ప్రయోగశాల నడిపే డాక్టర్ రలిత్సాని అడిగాను.

"జబ్బు రాకముందే అయితే బాగుంటుందండీ" అంది, నవ్వకుండా.

కాబట్టి పాఠకులారా, మీకు జబ్బు వచ్చే తేదీ ఇప్పుడే కనుక్కుని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి!

నయమైన ఎలుకలేవని కూడా అడిగాను. మెదడు కోసి చూస్తేనే నయమైనట్టు తెలుస్తుందట. పోనీలెండి, ఏ వైభోగంలో మాత్రం చిన్న లోపం ఉండదు?

ఆ ఆకు పేరు చెప్పను. చెబితే రేపటికి కొండ మీద మిగలదు. దాన్ని కోసి తెచ్చేది మాత్రం మా అక్కే. జూన్‌లో మాకు ఎన్యోవ్‌దెన్ పండుగ. ఆరోజు తెల్లారకముందు కోసిన ఆకుకే బలమని మావాళ్ళ నమ్మకం. లోకంలో జబ్బులు డెబ్భై ఏడున్నరట, అన్నిటికీ ఆరోజు కోసిన ఆకుల్లోనే మందుందట. ఆ అర జబ్బుకి పేరు కూడా లేదట. రలిత్సా సైన్సు మనిషి, ఇవన్నీ విని నవ్వేస్తుంది. కానీ మొదటి ఏడాది ఎలుకలకు పనిచేసిన ఆకు ఆరోజు అక్క చేత్తో కోసినదే. పద్ధతి మారిస్తే ఫలితాలు చెల్లవు. అందుకని ప్రయోగం కాగితాల్లో, మిల్లీగ్రాముల పక్కనే, "ఎన్యోవ్‌దెన్ నాడు, సూర్యోదయానికి ముందు, చేత్తో" అని అచ్చయింది!

ఈ జూన్‌లో అక్కని తీసుకుని నేనే ప్రయోగశాలకి వెళ్ళాను. బుట్ట అడుగు కనిపిస్తోంది.

"ఇంతేనా పిన్నీ?" రలిత్సా మొహం వాడిపోయింది.

"చెయ్యి మాట వింటేగా తల్లీ! ఒక చెయ్యి తుంచుతుంటే ఇంకోటి దులిపి పారబోస్తోంది. సగం కొండకే పోసొచ్చాను."

"అయ్యో, ఇరవై ఎలుకలక్కూడా చాలదే!"

"వాటిల్లో నన్నూ ఒకదాన్ని రాసుకోరాదూ? తిండి కూడా పెద్దగా తినను."

"మనుషులదాకా రావాలంటే ఇంకో పదేళ్ళు పడుతుంది పిన్నీ."

"పదేళ్ళా! రెండేళ్ళు బతికే ఎలుకకి అందింది, డెబ్భై ఏళ్ళు బతికినదాన్ని నాకందలేదా? పైగా మోసుకొచ్చేది నేనాయె!"

అక్క నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రలిత్సా మంచిదే. అప్పటికప్పుడు నలుగురికి ఫోన్లు చేసింది. మీరు నమ్మరు, మూడోరోజుకే రాజధానిలో పెద్ద డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్!

ఆ కాగితం అక్కకి నేనే చదివి వినిపించాను. "తొందర ఎందుకు?" అన్న గడిలో రలిత్సా ఇలా రాసింది: "వచ్చే జూన్‌లో ఎలుకలకు ఆకు కోయాలి. ఆలోగా ఈమె చేతులు నిలకడకు రావాలి."

కాగితం బల్ల మీదికి విసిరేశాను. అక్క నా వీపు తట్టింది.

"మనకి తెలిసినవాళ్ళు లేరు లేరని ఏడ్చేవాడివి కదరా! ఎలుకలు లేవూ?" అంది.