దశరథ్ సారు ప్రమోషన్లు, మా వాయిదాలు

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది, గౌరవనీయులైన జడ్జి దశరథ్ గారికి మళ్ళీ ప్రమోషన్ వస్తుందేమోనని.

అసూయ అనుకోకండి. ఆత్మకూర్‌లో పుట్టి అంత పెద్ద జడ్జి అయిన మనిషిని చూసి పొంగిపోనివాళ్ళు మా వైపు లేరు. నేనూ పొంగిపోతాను. కాకపోతే సారు ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా నా బిడ్డ హన్విక ఒక బెత్తెడు నాకు కనబడకుండా పెరుగుతుంది.

సంగతి చిన్నదే. మా ఆయన సాయికీ నాకూ పడలేదు. పాలు మాన్పిన కొత్తలోనే పాపను తీసుకుపోయి ఆత్మకూర్‌లో వాళ్ళమ్మ రాజమణి దగ్గర ఉంచాడు. నేను చౌటుప్పల్‌లో మందుల కంపెనీకి ప్యాకింగ్ పనికి పోతూ, బిడ్డను ఇప్పించమని కోర్టుకెక్కాను. అప్పుడు అక్కడ దశరథ్ గారే జడ్జి. దయగల మనిషి. తీర్పు వచ్చేదాకా, వాయిదా ఉన్న రోజున తల్లి తన బిడ్డను కోర్టు వరండాలో గంటసేపు చూసుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. మిగతా రోజుల్లో తల్లులకు బిడ్డలు గుర్తుకు రారు కాబట్టి చాలా సబబైన ఏర్పాటు.

వాదనలు ముగిశాయి. తీర్పు చెప్పాల్సిన వారమే సారుకు ప్రమోషన్ వచ్చింది. కోర్టంతా పూలదండలు. వీడ్కోలు సభ ఉన్నందున ఆ రోజు వాయిదా లేదు. వాయిదా లేనందున పాపను తీసుకురాలేదు. తర్వాతి వాయిదా నాడు కొత్త జడ్జిగారికి స్వాగత సభ. మర్యాద మర్యాదే కదా.

"ఫికర్ జెయ్యకు చెల్లె," అన్నాడు మా వకీలు గుర్వయ్య. "సారు అంతా మంచిగ విన్నడు."

"మరి తీర్పేదన్నా?"

"విన్న సారు పాయె. కొత్త సారుకు మళ్ల మొదటికెల్లి చెప్పాలె."

చెప్పాం. ఆయన కూడా శ్రద్ధగా విని బదిలీ అయ్యారు. ఆ తర్వాత వచ్చినాయన, పాప ఇన్నేళ్ళుగా నానమ్మకు అలవాటు పడిందని నా కేసు కొట్టేశారు. అలవాటు పడేదాకా కేసు నడిపిందెవరో తీర్పులో రాయలేదు.

పై కోర్టుకు పోయాను. అక్కడ పాత వరండా ఏర్పాటే కొనసాగించమన్నారు. కొన్నాళ్ళకు కేసు ఎవరి ముందుకొచ్చిందనుకున్నారు? అప్పటికే అంత పైకి చేరిన దశరథ్ గారి ముందుకే. కాగితాలు తిరగేసి, ఈ కేసు తాను వినలేనన్నారు.

"ఎందుకంటన్నా?" అని అడిగాను.

"సారుకు నీ కేసు మంచిగ ఎరుక చెల్లె. ఎరుకున్నోళ్లు వినొద్దు."

"ఎరుక లేనోళ్లు వినాల్నా?"

"గదే న్యాయం. ఇంకో సారు దొరికేదాక వాయిదా ఉండది."

ఇప్పుడు సారు ఢిల్లీ కోర్టుకు పోతారని పుకారు. రేపు నేను అక్కడిదాకా పోవలసివస్తే, అక్కడా నా కేసు బాగా తెలిసిన మనిషే ఎదురవుతారు.

ఆ పుకారుకే పోయిన నెల ఆత్మకూర్‌లో సన్మానం చేశారు. పూలగుత్తి ఇవ్వడానికి బడిపిల్లల్లో హన్వికను ఎంచారని తెలిసి బస్సెక్కాను. గేటు దగ్గరే మా అత్త అడ్డం నిలబడింది.

"గియ్యాల వాయిదా లేదు గదనే, ఎందుకొచ్చినవ్?"

"సన్మానానికొచ్చిన అత్తమ్మా."

"అయితే ఎనక కూసొని సప్పట్లు గొట్టి పో."

చట్టప్రకారం ఆమె మాటలో తప్పు లేదు. వెనక కూర్చున్నాను. పాప పూలగుత్తి ఇచ్చింది. సారు దగ్గరికి తీసుకుని, తల నిమురుతూ మైకు అందుకున్నారు.

"బిడ్డకు తల్లి ఒడే తొలి న్యాయస్థానం! దానికి సెలవులు లేవు, వాయిదాలు లేవు! తల్లినీ బిడ్డనూ విడదీసే అధికారం ఏ చట్టానికీ లేదని సవినయంగా మనవి చేస్తున్నాను!"

జనం లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పాప ఆగకుండా దగ్గుతుంటే సారు తన నీళ్ళ సీసా ఇచ్చారు. అంతటి పెద్దమనిషికి అంత దయ! నా దగ్గరా నీళ్ళున్నాయి గానీ, ఆ రోజు వాయిదా లేదు.

సారు పాపకు నీళ్ళిస్తున్న ఫొటో మీ ఫోన్లకూ వచ్చే ఉంటుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్ళలో మీరూ ఉన్నారు, చూశాను. మంచిది. మీరెప్పుడైనా ఆత్మకూర్ పోతే రాజమణి ఇల్లు ఎవరినడిగినా చెప్తారు. హన్వికకు దగ్గు తగ్గిందో లేదో ఒకసారి చూసి రండి. మీరైతే ఏ రోజైనా పోవచ్చు.