ఈశాన్యంలో అరేబియా సముద్రం

బడిలో ఇచ్చే గ్రూప్ ప్రాజెక్టులు దండగ అని విసుక్కునే వాళ్లను చూస్తే జాలేస్తుంది. అయ్యా, నడివయసు దాటుతున్న వాళ్లను కూర్చోబెట్టి దేశ చరిత్ర చదివించే పథకం ఈ దేశంలో ఇంకేదైనా ఉందా? ఏ ప్రభుత్వమూ చేయలేని ఆ పనిని ఏడో తరగతి సోషల్ టీచర్ ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో చేసిపడేస్తోంది!

నమ్మకం కుదరకపోతే చిన్న మంగళారం ఊళ్లో ఉండే శశిధర్ సంగతి వినండి.

శశిధర్‌ది తరాలుగా సేద్యం చేసిన కుటుంబం. ఆయన మాత్రం పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతాడు. ఆయన కూతురు సమత మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి చదువుతోంది. ఒక సాయంత్రం ఆ బడి నుంచి మెసేజ్ వచ్చింది. ‘స్వాతంత్ర్య పోరాటంపై సృజనాత్మక గ్రూప్ ప్రాజెక్ట్. పిల్లలే చేయాలి. తల్లిదండ్రులు సహకరించగలరు.’

అందులో రెండో వాక్యం మర్యాద కోసం రాసిందనీ, అసలు ఆర్డరు మూడోదేననీ తెలియని తల్లిదండ్రులు ఎవరున్నారు చెప్పండి!

సమతకూ, ఆమె నేస్తం ఆశాకూ కలిపి ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. పిల్లలిద్దరూ అప్పటికే ఒక ఆలోచన చేసుకున్నారు. గ్రౌండ్ ఆ చివర నుంచి నడుచుకుంటూ వస్తారట. దారిలో ఒక్కో ఊరి దగ్గర ఆగి, అక్కడ ఏం జరిగిందో చెబుతారట. చివర వంగి గుప్పెడు ఉప్పు తీస్తారట. సమత ఆ మాటలన్నీ కంఠతా పట్టేసింది కూడా.

“నడుసుడు గూడ ప్రాజెక్టేనా బిడ్డా?” అని నవ్వాడు శశిధర్. “నడిస్తే చూసెటోళ్లకు ఏం కనబడ్తది? మోడల్ చేద్దాం. ఫస్ట్ ప్రైజ్ మనదే.”

“మరి మాటలన్న నేను చెప్త డాడీ. అవి మాత్రం నేనే చెప్త.”

“నువ్వే చెప్పు. నేనెందుకు అడ్డమొస్త?”

ఆ ఆదివారం ఆశా తండ్రి శాంసన్ కూడా వచ్చాడు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఇద్దరు తండ్రులూ శశిధర్ ఆఫీసులో థర్మకోల్ పరిచారు. రంగులు అంటుకుంటాయని పిల్లలను టీవీ ముందు కూర్చోబెట్టారు.

చేతిలో ఉన్న విద్య ఎక్కడికి పోతుంది? సబర్మతి ఆశ్రమానికి ఆర్చి లేచింది. అక్కడి నుంచి దండి దాకా నలభై అడుగుల రోడ్డు పడింది. దండి చుట్టూ కాంపౌండ్ వాల్, లోపల చిల్డ్రన్స్ పార్కు. శాంసన్ దారి పొడవునా స్తంభాలు నాటి బుడ్డ లైట్లు బిగించాడు. 1930లో గుజరాత్ పల్లెలు కలలో కూడా చూడని వెలుగు అది!

సముద్రానికి నీలం రంగు కలుపుతుంటే సమత సోషల్ పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“డాడీ, సముద్రం పడమటున్నది.”

శశిధర్ చేతిలో కుంచె ఆగిపోయింది. పడమట అన్ని నీళ్లా! పడమట బోరు పడిందని బేరం వదులుకుని పోయిన వాళ్లను ఆయన ఎంతమందిని చూడలేదు?

“పడమట నీళ్లు మంచిగాదు బిడ్డా. నీళ్లు ఈశాన్యంలనే ఉండాలె.”

“ఇది ఇల్లు గాదు డాడీ, ఇండియా!”

“ఇండియా అయితే ఇంకింత జాగ్రత్తగ చూడాలె గద!”

శాంసన్ బుడ్డ లైటు బిగిస్తూ తలెత్తాడు. “మేం వాస్తు చూడం, అన్నా. గానీ రేపు అమ్మాలంటే ఈశాన్యమే నయం” అన్నాడు.

చాయ్ తెచ్చిన శశిధర్ భార్య నవత బోర్డు వైపు చూసి, “నేను చదువుకున్నప్పుడు పడమటనే ఉండె” అంది.

“అప్పుడుండె కావచ్చు” అన్నాడు శశిధర్.

అలా అరేబియా సముద్రం ఏకగ్రీవంగా ఈశాన్యానికి మారింది. చిక్కల్లా గాంధీతో వచ్చింది. ఆయననూ, వెనక నడిచే వాళ్లనూ అప్పటికే దక్షిణం వైపు తిప్పి అతికించేశారు. పీకితే కాళ్లు విరుగుతాయి. చివరికి శాంసన్ నడిదారిలో యూ టర్న్ బోర్డు పెట్టి సత్యాగ్రహులను వెనక్కి మళ్లించాడు. ఆ బోర్డుకూ ఒక లైటు పెట్టాడు!

బడి ప్రాజెక్టుల ప్రదర్శన చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పక్క టేబుల్ మీద ఎర్రకోటకు లిఫ్టు ఉంది, అది తెచ్చిన పిల్లాడి తండ్రి బిల్డరు. అయినా జనమంతా దండి దగ్గరే మూగారు. బుచ్చయ్య అనే పెద్దమనిషి వంగి చూసి, “గజమెంత నడుస్తున్నది?” అని అడిగాడు. “కార్నర్ బిట్టు ఉన్నదా?” అని కూడా అడిగాడు. శశిధర్ అలవాటు కొద్దీ కార్డు తీసి ఇచ్చేశాడు.

అప్పుడు వచ్చాడు స్వామిదాసు సార్. షాబాద్‌లో సోషల్ చెప్పి రిటైరైన ఆయన ముగ్గురు జడ్జీల్లో ఒకరు. శశిధర్ ఆర్చి దగ్గర నుంచి మొదలుపెట్టబోయాడు.

“మీరు జర ఆగుండ్రి. పిల్లలు చెప్తరు” అన్నాడు సార్.

సమత ముఖం వెలిగింది. కంఠతా పట్టిన మాటలు పెదాల మీదికి వచ్చేశాయి. కానీ సార్ ముందు ఒక ప్రశ్న అడిగాడు.

“సముద్రం ఏ దిక్కున్నదమ్మా?”

హాలంతా ఆగినట్టయింది శశిధర్‌కు. చుట్టూ ఊరివాళ్లు, చుట్టాలు, వీడియో తీస్తున్న ఫోన్లు. పడమర అంటే పరువు పోతుంది. ఈశాన్యం అంటే పిల్ల తెలివితక్కువది అవుతుంది. ఆ రెంటిలో ఏది కావాలో తేల్చుకోలేక ఆయన కూతురి వైపు చూశాడు. సమత నోరు తెరిచి, తండ్రి ముఖం చూసింది.

“ఈశాన్యం, సార్.”

సార్ మిగతా మాటలు వినకుండానే పక్క టేబుల్‌కు వెళ్లిపోయాడు. ఆయన సున్నా వేశాడట. మిగతా ఇద్దరు జడ్జీలు లైట్లు చూసి మార్కులు కుమ్మరించారు. ఫస్ట్ ప్రైజ్ వచ్చేసింది. శశిధర్ చేతులు జోడించి మరీ ఫొటో దిగాడు.

తిరుగు దారిలో కారులో ఆయనకు ఎందుకో మనసు పట్టలేదు.

“పడమరని నీకు తెలుసు గద బిడ్డా? ఎందుకట్ల చెప్పినవ్?”

“అందరి ముంగట నీ ఇజ్జత్ పోతదని” అంది సమత, కిటికీలోంచి బయటికి చూస్తూ. “పరీక్షల ఏం రాయాలె డాడీ?”

శశిధర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

చూశారా, ఒక్క ప్రాజెక్టుతో ఎంత విద్య! తండ్రికి దండి ఎక్కడుందో తెలిసింది. శాంసన్‌కు సత్యాగ్రహం తెలిసింది. ఇక సమత అంటారా? సత్యం కోసం అంత దూరం నడిచిన మనిషి బొమ్మ పక్కన నిలబడి, ఆ మొత్తం ప్రాజెక్టులో ఆ పిల్ల సొంతంగా చేసింది ఆ అబద్ధం ఒక్కటే.