అల్పాహారం కేసు

సోమవారం ఉదయం ఆరూ నలభైకి అల్లుడు బాత్రూంలో ఉన్నాడు. తలుపు బయట అతని మామగారు, అంటే రిటైర్డ్ ఇన్‌స్పెక్టరుగారు ఉన్నారు. లాఠీ రిటైరైన రోజునే తిరిగి ఇచ్చేశారు కనుక చేతిలో గొడుగు ఉంది.

“లోపల పరిస్థితి ఏమిటి?” అంటూ గొడుగు పిడితో తలుపు మీద రెండుసార్లు కొట్టారు.

“వస్తున్నా మామయ్యా.”

“వచ్చే సంగతి నేనడిగానా? పరిస్థితి అడిగాను. రాసుకోవాలి.”

ఏడూ ఇరవైకి కంపెనీ వ్యాను వస్తుంది. ఎనిమిదింటికి అల్లుడు పదిహేను అంతస్తుల ఎత్తున్న క్రేను ఎక్కి, పైనున్న అద్దాల గదిలో కూర్చోవాలి. నాలుగు గంటలపాటు ఇనుప దూలాలను ఒక్కొక్కటిగా లేపి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెప్పిన చోట దించాలి. ఆ గదిలో ఒక కుర్చీ, రెండు లీవర్లు, ఒక వాకీటాకీ, నీళ్లసీసా పెట్టుకోవడానికి ఒక గూడు ఉన్నాయి. ఇంకేమీ లేదు. నిచ్చెన దిగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. పదకొండు నిమిషాలంటే ఎంతసేపో ఈ జబ్బున్న పాఠకులకు చెప్పక్కర్లేదు. లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు.

గత నెలలో రెండుసార్లు అతను దూలాన్ని గాల్లోనే వేలాడదీసి కిందికి దిగి వచ్చాడు. నలభైమంది పని ఆపి, నోళ్లు తెరుచుకుని, దూలాన్నీ అతన్నీ మార్చి మార్చి చూశారు. సైటు ఇంజనీరు చాలా మంచివాడు, గొంతు కూడా పెంచలేదు. “సోమవారం మెయిన్ బీములు తమ్ముడూ. మధ్యలో దిగావంటే ఇక ఎక్కక్కర్లేదు. సిమెంటు గోడౌనులో కూర్చుందువుగాని. అక్కడైతే బాత్రూం పక్కనే” అని మొన్న శనివారం అన్నాడు. ప్రేమగానే అన్నాడు. తొమ్మిదేళ్లుగా పక్షులకంటే ఎత్తున కూర్చుంటున్నవాడికి బస్తాల మధ్య కుర్చీ వేస్తానన్నాడు.

డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, దీన్ని ఐ.బి.ఎస్. అంటారని తేల్చాడు. “పుండు లేదు, పురుగు లేదు. మీ పేగులు మంచివే. కాస్త కంగారెక్కువ, అంతే. ఏది పడుతుందో ఏది పడదో మీరే కనిపెట్టాలి. పొద్దున్న ఏం తిన్నారో, తర్వాత ఏమైందో రోజూ రాసుకోండి. కొంచెం కొంచెంగా, ప్రశాంతంగా తినండి” అన్నాడు.

ఇన్ని మాటల్లో ఇన్‌స్పెక్టరుగారి చెవికి చేరినవి రెండే: కనిపెట్టాలి, రాసుకోవాలి. ప్రశాంతంగా అన్నది డాక్టర్లు మర్యాద కోసం వాడే మాటగా ఆయన భావించారు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన ఒక్క కేసు కూడా తేల్చకుండా వదల్లేదు. ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉండేవారు. రిటైరైన ఈ మూడేళ్లలో ఇంట్లో నేరమన్నదే జరగక ఆయన సగమైపోయారు. ఇప్పుడు అల్లుడి రూపంలో దేవుడు కరుణించాడు.

ఆ సాయంత్రమే ఫైలు తెరుచుకుంది. బాధితుడు: అల్లుడు. ఘటనాస్థలం: పొట్ట. అనుమానితులు: పాలు, బ్రెడ్డు, కోడిగుడ్డు, ఓట్స్, కాఫీ. తండ్రి పేరు అన్న గడి గుడ్డు విషయంలో తప్ప మిగతావారికి ఖాళీగా వదిలేయవలసి వచ్చింది. గుడ్డుకు ‘విచారణలో ఉంది’ అని రాశారు. నిందితులు పరారు కాకుండా ఫ్రిజ్‌కు లక్కతో సీలు వేశారు. మర్నాడు పాలు తీసుకోవడానికి అత్తగారు అర్జీ పెట్టుకున్నారు. తగిన కారణం చూపలేదని అది తిరస్కరణకు గురైంది. ఆ పాలు ఇన్‌స్పెక్టరుగారి కాఫీకేనని రెండో అర్జీలో రాశాక వెంటనే మంజూరైంది.

దర్యాప్తు పద్ధతి కొత్తదేమీ కాదు. దొంగను పట్టుకున్నాక, దొంగతనం జరిగిన ఇంటికే తీసుకెళ్లి, గోడ ఎలా దూకాడో మళ్లీ దూకించి చూస్తారు కదా, అదే. రోజూ ఉదయం ఆరింటికి అల్లుణ్ణి అదే కుర్చీలో, మొదటి ఘటననాడు వేసుకున్న అదే నీలం చొక్కాతో కూర్చోబెట్టేవారు. సాక్ష్యం పోతుందని ఆ చొక్కాను ఉతకనివ్వలేదు. ఒక అనుమానితుణ్ణి పళ్లెంలో హాజరుపరిచేవారు. అల్లుడు తినేవాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టరుగారు స్టాప్‌వాచీ పట్టుకుని, రెప్ప వేయకుండా చూసేవారు. ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి కాబట్టి వీధి మలుపులోని బేకరీ ఓనరు కుడిపక్కన, ఎదురింటి టైలరు ఎడమపక్కన కూర్చుని, నమలడం నుంచి మింగడం దాకా గమనించి సంతకాలు చేసేవారు. టైలరు ఊరికే కూర్చునే మనిషి కాదు. టేపు తెచ్చుకుని, తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి పొట్ట చుట్టుకొలత తీసేవాడు.

“అరంగుళం పెరిగింది సార్!”

ఆ మాటకు అల్లుడి కడుపులో గుడగుడమనేది.

“విన్నారా?” అని ఇన్‌స్పెక్టరుగారు సాక్షులను అడిగేవారు. విన్నామని వాళ్లు రాసి ఇచ్చేవారు.

మూడోరోజున అల్లుడు ధైర్యం చేశాడు. “మామయ్యా, మీరందరూ అలా చూస్తుంటే నాకు ముద్ద దిగట్లేదు.”

“తప్పు చెయ్యనివాడికి భయమెందుకు అల్లుడూ?”

“నేను బాధితుణ్ణి కదండీ?”

“అది దర్యాప్తులో తేలుతుంది.”

దర్యాప్తు అద్భుతంగా సాగింది. పాలు తాగితే ఘటన జరిగింది. పాలు లేకుండా ఓట్స్ తింటే జరిగింది. గుడ్డు తింటే జరిగింది. గుడ్డును ఊరికే చూపించి తీసేసినా జరిగింది. పదిహేడో రోజున అల్లుణ్ణి ఖాళీ పళ్లెం ముందు కూర్చోబెట్టారు. ఆ రోజు మరీ ఘోరంగా జరిగింది. ఇన్‌స్పెక్టరుగారు క్షణం ఆలస్యం చేయకుండా పళ్లేన్ని అదుపులోకి తీసుకున్నారు.

మరి అరెస్టు ఎందుకు కాలేదని పాఠకులు అడగవచ్చు. లోకం తెలిసిన పాఠకులు అడగరు. అనుమానితులంతా పలుకుబడి ఉన్నవాళ్లు. బ్రెడ్డు పేరెత్తితే చాలు, బేకరీ ఓనరు కుర్చీలోంచి లేచేవాడు: “మా తాత కట్టిన పొయ్యి సార్ అది! ఊరంతా తింటోంది, ఎవడికీ రాని కడుపునొప్పి ఈయనకొక్కడికే వచ్చిందా?” గుడ్డు ప్రస్తావన వస్తే, పెరట్లో పన్నెండు కోళ్లున్న టైలరు టేపు చుట్టేసి జేబులో పెట్టుకునేవాడు. ఓట్స్ డబ్బాలు అత్తగారి తమ్ముడు ప్రేమతో పంపినవి. పాల సంగతి అడగనే అక్కర్లేదు. “నా చేత్తో కాచిన పాలు నా అల్లుడికి పడలేదంటారా? సరే, రేపట్నుంచి పొయ్యి మీరే వెలిగించుకోండి” అని అత్తగారు ఒకే ఒక్కసారి అన్నారు. మళ్లీ అనవలసిన అవసరం రాలేదు. ఇక కాఫీ మీద చర్య తీసుకోవాలంటే ముందు ఇన్‌స్పెక్టరుగారు మానాలి.

ఈ ఫైలంతా రాసింది ఆయన కూతురు. మందుల గోడౌనులో స్టాకు సరిచూసే ఉద్యోగం ఆమెది. గళ్లు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తండ్రి చెప్పకపోయినా ‘హాజరైనవారు’ అని ఒక గడి అదనంగా గీసుకుంది. ఇరవైరెండు రోజులు నింపాక, ఆదివారం సాయంత్రం దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చదివింది. ఆపైన కిందినుంచి పైకి చదివింది.

సోమవారం ఆరూ యాభైకి ఆమె ఆ కాగితం పట్టుకుని బాత్రూం తలుపు దగ్గరికి వచ్చింది.

“నాన్నా, ఇది చూడండి. మీరు జలుబుతో పడుకున్న రెండు రోజులు, పన్ను పీకించుకున్న రోజు, నిన్న మీ పాత ఆఫీసర్ల సన్మానానికి వెళ్లిన రోజు... ఈ నాలుగు రోజులూ ఈయనకి ఏమీ కాలేదు. నిన్నైతే వంటింట్లో నిలబడి నాతో కబుర్లు చెబుతూ బ్రెడ్డు, రెండు గుడ్లు, కాఫీ లాగించి, ఇంకో గుడ్డుందా అన్నారు. మీరున్న పద్దెనిమిది రోజులూ మాత్రం అయింది.”

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివారు. లోపల అల్లుడు ఊపిరి బిగబట్టాడు.

“అమ్మాయీ, నా సర్వీసులో ఇంత స్పష్టమైన సాక్ష్యం చూడలేదు.”

“అవును నాన్నా.”

“నేరస్తుడికి నామీద కక్ష ఉంది.”

“నాన్నా!”

“నేను లేకపోతే వాడికి చేయబుద్ధి కావట్లేదు. నా కళ్లెదుటే చేసి నన్ను సవాలు చేస్తున్నాడు. సరే, చూద్దాం. ఇవాళ్టినుంచి అల్లుణ్ణి ఒక్క క్షణం వదలను. సైటుకు కూడా వస్తాను. క్రేను పైకి నిచ్చెన ఉందన్నాడుగా?”

లోపల మళ్లీ నీళ్లు వదిలిన శబ్దం వినిపించింది.

ఏడూ పదికి అల్లుడు పాలిపోయిన ముఖంతో బయటికి వచ్చేసరికి భోజనాల బల్ల చుట్టూ సభ సిద్ధంగా ఉంది. అనుమానితులను నంబరు చీటీలు అంటించి వరసగా నిలబెట్టారు. నిన్నటి సన్మానంలో ఇచ్చిన పతకాన్ని గుండెకు తగిలించుకుని ఇన్‌స్పెక్టరుగారు లేచారు.

“పెద్దలారా! ఒక మనిషి పేగు నిలకడగా ఉంటేనే ఆ ఇల్లు నిలకడగా ఉంటుంది. ఇళ్లు నిలకడగా ఉంటేనే దేశం! ఇవాళ ఈ బల్ల దగ్గర తేలబోయేది ఒక్క కడుపు సంగతి కాదు. బాధితుడు తనంతట తానే నేరస్తుణ్ణి గుర్తిస్తే దర్యాప్తు ఇక్కడితో ముగుస్తుంది. ఫైలు మూసేస్తాను, మళ్లీ ఈ కుర్చీలో కూర్చోను. గుర్తించకపోతే...” ఆయన గొడుగుతో పైకప్పు కేసి చూపించారు. “నిచ్చెన ఎక్కుతాను.”

సాక్షులు చప్పట్లు కొట్టారు. బయట వ్యాను హారను మోగింది.

భార్య పక్కకు వచ్చి నెమ్మదిగా అంది. “చెప్పెయ్యండి. ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. ఏమైతే అదవుతుంది.”

అల్లుడు మామగారి వైపు చూశాడు. ఇరవైరెండు రోజులుగా తన కోసం అయిదింటికే లేచిన మనిషి. గుండె మీద పతకం, కళ్ల నిండా ఆశ. నిజం చెబితే ఆయన కాదనరు, ముందు ఆ ఆరోపణ మీద దర్యాప్తు మొదలుపెడతారు. ఇదే బల్ల, ఇదే కుర్చీ, ఇదే చొక్కా. అల్లుడి కడుపులో దూలం ఒకటి ఊగింది.

అతని చూపుడువేలు బ్రెడ్డు మీదికి వెళ్లింది. బేకరీ ఓనరు గొంతు సవరించుకుంటూ లేచాడు. వేలు గుడ్డు వైపు జరిగింది. టైలరు టేపు జేబులో పెట్టుకున్నాడు. పాలు, ఓట్స్ దగ్గరకు వచ్చేసరికి అత్తగారు పొయ్యివైపు ఒక చూపు చూశారు. కాఫీ కప్పు మామగారి చేతిలోనే ఉంది.

బల్ల చివర ఒక పుచ్చకాయ ఉంది. నిన్న సన్మానంలో పతకంతో పాటు ఇచ్చారు, సాయంత్రమే ఈ ఇంట్లో అడుగుపెట్టింది. ఇంకా కత్తి కూడా తగల్లేదు. దాన్ని ఈ వీధిలో ఎవరూ పండించలేదు, ఎవరూ అమ్మలేదు, ఎవరి తమ్ముడూ పంపలేదు. అల్లుడు దానివైపు చూడగానే గదిలో అందరూ దానివైపే చూశారు. అందరి భుజాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. బేకరీ ఓనరు కూర్చున్నాడు. టైలరు దాని చుట్టుకొలత తీయడానికి టేపు మళ్లీ బయటికి తీశాడు. గళ్లన్నీ గీసిన భార్య కూడా ఒకసారి గడియారం చూసి, పెన్ను మూత తీసి, కొత్త పేజీ తిప్పింది. ఇంతసేపూ సంగతంతా తెలిసి కూర్చున్న పాఠకుల్లో కూడా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అల్లుడి కడుపులో ఇరవైరెండు రోజుల తర్వాత, మామగారి ఎదుట, మొదటిసారిగా నిశ్శబ్దం ఆవరించింది.

“భయపడకు అల్లుడూ, నేనున్నాను” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. “పేరు గట్టిగా చెప్పు.”

“పుచ్చకాయ!” అన్నాడు అల్లుడు.