కల్వకుర్తిలో ఐన్‌స్టీన్ దినాలు

మీ దగ్గర దాచడమెందుకు, ఇంజనీరింగ్ చదివినా ఐన్‌స్టీన్ సిద్ధాంతం నాకు సగమే అర్థమైంది. కానీ కల్వకుర్తిలో ఆయన దినాలు ఎట్లా జరిగాయో మాత్రం పూర్తిగా తెలుసు.

1989 మార్చి 14, ఐన్‌స్టీన్ జయంతి. పదిగంటలకు బడిలో సభ. జిల్లా విద్యాధికారి వస్తున్నాడు. సభ నచ్చితే సైన్సు ల్యాబుకు గది ఇస్తానన్నాడు. మా సైన్సు మాస్టరు బాలస్వామి సారుకు ఆ గది కావాల్సిందే. అప్పటిదాకా బడి యాసిడ్ సీసాలు ఆయన ఇంట్లో పచ్చడి జాడీల పక్కనే ఉంటున్నాయి. గది రాకపోతే సీసాలతోపాటు సారునూ బయట పెడతానని భార్య సుక్కమ్మ చెప్పేసింది.

పొద్దున్నే సారు ఐన్‌స్టీన్ పటాన్ని వాకిట్లో కుర్చీ మీద పెట్టాడు. ఎట్లా కనబడుతుందో చూద్దామని దండ వేసి, ఊదుబత్తులు వెలిగించి స్నానానికి పోయాడు.

ఎదురింటి గులాబ్‌బీ జడ్చర్లలో బిడ్డ దగ్గర నెల రోజులుండి రాత్రే వచ్చింది. చెదిరిన తెల్ల జుట్టు, దిగులు కళ్లు, మెడలో దండ చూసి ఆగిపోయింది. అంతలో సారు తడి తువ్వాలుతో, నున్నటి గుండుతో బయటికొచ్చాడు. ఆ గుండు మొన్న యాదగిరిగుట్టలో మొక్కు తీర్చుకోవడానికి చేయించుకున్నది.

"సారూ, పెద్దాయన ఎప్పుడు పోయిండు?"

"పోయి ముప్పై నాలుగేండ్లాయె."

"గిన్నేండ్లు నీకు చెప్పకుండ దాచిండ్రా?" అని ఆమె కళ్లొత్తుకుంది.

పొయ్యి ముట్టించొద్దని సుక్కమ్మకు చెప్పి, తన ఇంట్లో కిచిడీ ఎక్కించింది. వాడంతా వచ్చి చాపల మీద కూర్చుంది. గుర్వయ్య డప్పు తెచ్చాడు. ఈయన మా చుట్టం కాదని సారు మొత్తుకుంటే, దుఃఖంలో గట్లనే అంటరని ఓదార్చారు. సారింట్లో చావని విన్న హెడ్మాస్టరు సభ రద్దు చేసి, బడికి సెలవిచ్చి పరుగున వచ్చాడు. పటంలో ఎవరో గుర్తుపట్టాడు, అయినా చెప్పులు విడిచి చాప అంచున కూర్చున్నాడు.

బడికి తాళం చూసిన అధికారి దారి అడుక్కుంటూ సారింటికే వచ్చాడు. ఇక గది పోయినట్టేనని సారు గోడకు ఆనుకున్నాడు.

అధికారి కదలకుండా నిలబడ్డాడు. సగం ఊరు ఐన్‌స్టీన్ ముందు మౌనంగా కూర్చుని ఉంది. ముందు చాప మీదున్న ముసలి జానయ్యను మెల్లగా అడిగాడు. "ఈయన గురించి నీకేం తెలుసు తాతా?"

"మంచోడు సార్. ఎవ్వల జోలికి పోలే."

అధికారి పటానికి చేతులు జోడించాడు. హైదరాబాదులో కూడా సైన్సుకు ఇంత గౌరవం చూడలేదన్నాడు. గది అక్కడే మంజూరు చేసి, కిచిడీ తిని పోయాడు.

మరుసటి మార్చి 14 పొద్దున గులాబ్‌బీ గిన్నెతో గుమ్మంలో నిలబడింది. "పెద్దాయన సంవత్సరీకం మరిచిండ్రా సారూ?"

మీ ఊళ్లో ఏ శాస్త్రవేత్త దినాలు జరిగాయో మీరూ రాయండి. కబురందితే జానయ్య తాత ముందు చాప మీద ఉంటాడు.