రాజ్యం పెళ్ళి జరిగిందా?

ఆ శనివారం పొద్దున ఎలిజబెత్ టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా వంట ముగించాలి, లేతాకుపచ్చ వెంకటగిరి చీర కట్టుకోవాలి, సాయంత్రం మహిళా మండలి సభలో రచయిత్రి కౌతరపు హైమవతి గారి ఎదుట నిలబడి ఉన్నమాట చెప్పాలి. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

హైమవతి గారంటే ఎలిజబెత్‌కి ప్రాణం. పురిటికి ఆసుపత్రికి వెళ్తూ సంచిలో బైబిలు పక్కన ఆవిడ నవల కూడా పెట్టుకుందని భర్త ఏసుపాదం ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు. ఆవిడ నవలల్లో కథానాయిక ఎన్ని కష్టాలు పడినా చివరికి పెళ్ళిపీటల మీద కూర్చుంటుంది. ఆ భరోసాతోనే ఎలిజబెత్ మధ్యలో ధైర్యంగా ఏడుస్తుంది. అలాంటిది, కొత్త నవల ‘ముగ్గు చెరగని వాకిలి’ ఆమెను నట్టేట ముంచింది. రాజ్యం ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింటావిడకిచ్చి, రైలెక్కి వెళ్ళిపోతుంది. శేఖరం రొప్పుతూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి ఆఖరి పెట్టె కూడా దాటిపోతుంది. అంతే, పుస్తకం అయిపోయింది. కింద ‘సమాప్తం’ అన్న మాట కూడా లేదు. అదీ ఈమధ్య వచ్చిన కొత్త పద్ధతి కాబోలనుకుని ఎలిజబెత్ కళ్ళు తుడుచుకుంది. “ఎందుకమ్మా మాకింత అన్యాయం చేశారు?” అని ఆవిడను మొహం మీదే అడగాలని ఆమె పట్టుదల.

పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా పిట్టగోడ అవతలి నుంచి పద్మావతమ్మ తొంగిచూసింది. కంకిపాడు మహిళా మండలికి ఆవిడే ప్రెసిడెంటు. రచయిత్రిని సభకు ఒప్పించిందీ ఆవిడే, సభలో పంచడానికి డబ్బాడు సున్నుండలు చుట్టిందీ ఆవిడే.

“ఏం టీచరమ్మా, రెడీయేనా? రాజ్యం పెళ్ళి సంగతి మాత్రం నాకొదిలెయ్. దాని మీద నేను మాట్లాడతా.”

“ఎవరి పెళ్ళి అక్కయ్యగారూ?”

“రాజ్యం పెళ్ళే తల్లీ! బడి ఆవరణలోనే పిల్లలంతా కలిసి పందిరేస్తారు చూడు, నాకు కళ్ళనీళ్ళాగలేదనుకో!”

ఎలిజబెత్ నాలిక కరుచుకుంది. పద్మావతమ్మ ఒకేసారి నాలుగు వారపత్రికల్లో సీరియళ్ళు చదువుతుంది. ఒకసారి ఒక సీరియల్లో హీరోని ఇంకో సీరియల్లో హీరోయిన్‌కిచ్చి పెళ్ళి చేసేసి, అలా జరగలేదన్నవాళ్ళందరితోనూ పోట్లాడిన మనిషి. పాపం, మళ్ళీ కలిపేసినట్టుంది.

“ఆ పెళ్ళి వేరే సీరియల్లోదేమో చూసుకోండి. మన రాజ్యం రైలెక్కి వెళ్ళిపోయింది కదండీ?”

“రైలేమిటి నీ మొహం! పుస్తకంలో మొదటి పేజీ నుంచీ బడిలోనే ఉంటే! పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ చదివితే ఇలాగే ఉంటుంది.”

ఆవిడ మొహం చిట్లించుకుని లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా ఈ తగువు వీధంతా పాకింది. కొందరు అమ్మలక్కలు రైలు వైపు, కొందరు పెళ్ళి వైపు చేరారు. రైలువాళ్ళు పెళ్ళివాళ్ళని తెలివితక్కువ వాళ్ళన్నారు, పెళ్ళివాళ్ళు రైలువాళ్ళని గుండె లేనివాళ్ళన్నారు. భోజనానికి వచ్చిన ఏసుపాదం అంతా విని తాపీగా మజ్జిగ కలుపుకున్నాడు.

“కాంగ్రెసే రెండు ముక్కలైంది. పుస్తకం అవడానికేం?”

ఎలిజబెత్ అతని మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

సాయంత్రం బడి హాలు కిక్కిరిసింది. బెజవాడ నుంచి కారులో వచ్చిన హైమవతి గారు సన్నగా, నేత చీరలో, దళసరి కళ్ళద్దాలతో ఎవరింటి పిన్నిగారిలాగో ఉన్నారు. పద్మావతమ్మ ముందుగా మైకు పట్టుకుని పెళ్ళిపందిరి దగ్గర మొదలెట్టి తలంబ్రాల దాకా వర్ణించింది. రచయిత్రి తలవంచుకుని, బలవంతాన తెచ్చుకున్న నవ్వుతో విన్నారు. కన్నతల్లి ఎదుటే ఆమె బిడ్డ గురించి లేనిపోనివి చెబుతున్నట్టు ఎలిజబెత్‌కి ఒళ్ళు మండిపోయింది. తన వంతు వచ్చేసరికి అడగదలుచుకున్నది కాస్తా ఎగిరిపోయింది.

“పద్మావతమ్మ గారిని మీరు మన్నించాలండీ. నాలుగు సీరియళ్ళు కలగలిపి చదువుతారు. ఈ నవలలో పెళ్ళే లేదు. రాజ్యం ఒంటరిగా రైలెక్కుతుంది, అంతే. పెళ్ళి చేసి చప్పట్లు కొట్టించుకోవడం ఎవరైనా చేస్తారు. అక్కడ ఆపడానికి గుండె ధైర్యం కావాలి. ఇది మీ నవలలన్నిట్లోకీ గొప్పది!”

అన్నాక గానీ తను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. ఏడిపించిన ముగింపునే తన నోటితో తనే ఆకాశానికెత్తింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు చెప్పే పంతులమ్మే నోరు జారింది.

హైమవతి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. లేచి, “ఈ పుస్తకాన్ని నేను రాసినట్టుగా చదివింది ఈ టీచరు గారొక్కరే” అని నమస్కారం పెట్టి కూర్చున్నారు.

హాలు అట్టుడికిపోయింది. “అంటే మేం ఆవిడ రాయనిది చదివామా?” అని పెళ్ళివాళ్ళు లేచారు. “అదే చెబుతున్నాంగా పొద్దుట్నుంచీ!” అని రైలువాళ్ళు లేచారు. కుర్చీలు కిర్రుమన్నాయి, సున్నుండల డబ్బా మూత తీయనే లేదు. గోల సద్దుమణగక ముందే రచయిత్రి కారు కదిలిపోయింది. “పదిమందిలో నా పరువు తీశావు కదే!” అంటూ పద్మావతమ్మ కంటతడి పెట్టుకుంది. ఎలిజబెత్‌కి అది ఇంకా బాధనిపించింది.

తెల్లవారి, చర్చికి తయారవుతుంటే, పిట్టగోడ మీద నల్ల కాలికో అట్ట పుస్తకం ధబ్బున పడింది.

“చదువుకున్నదానివిగా, చూడు పెళ్ళుందో లేదో!”

ఎలిజబెత్ అట్ట తిప్పింది. మొదటి పేజీ మీద అంకె నూట నలభై తొమ్మిది. తన పుస్తకం ఆఖరి పేజీ నూట నలభై ఎనిమిది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే, ఒకరి వెనక ఒకరు, బస్టాండు పక్కనున్న జక్కయ్య అద్దె లైబ్రరీకి నడిచారు.

“నన్నేం చెయ్యమంటారండీ? కొన్నది ఒక్క కాపీ, అడిగేవాళ్ళు ఊరంతా. లావు పుస్తకాల్ని సగానికి కోసి రెండు బైండింగులు చేయడం మాకు మామూలేనండీ. అట్టల మీద ఒకటి, రెండు అని వేస్తుంటాను. ఈసారి తొందరలో వెయ్యలేదు” అన్నాడు జక్కయ్య, పెద్ద నేరమేమీ కానట్టు. “అద్దె పుస్తకానికి ముందు పేజీలుంటే వింతగానీ, లేకపోతే ఏముంది టీచరుగారూ?” 

ఆ ఆదివారం ఎలిజబెత్ చర్చి ఎగ్గొట్టి రెండో సగం చదివింది. రాజ్యం ఇంకో ఊళ్ళో పంతులమ్మ అయింది. శేఖరం వెతుక్కుంటూ వచ్చాడు. పిల్లలు పందిరి వేశారు. తలంబ్రాల దగ్గర ఎలిజబెత్ హాయిగా, కడుపారా ఏడ్చింది. తను అడగాలనుకున్నదంతా హైమవతి గారు ముందే రాసి ఇచ్చారు. అలాంటావిడకు తను నిండు సభలో చెప్పిన మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. చీరైనా మార్చుకోకుండా బెజవాడ బస్సెక్కింది.

సత్యనారాయణపురంలో ఇల్లు పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. హైమవతి గారే తలుపు తీశారు.

“క్షమించమని అడగడానికొచ్చానండీ. నేను సగమే చదివి వాగాను. మా లైబ్రరీ అతను...”

“కోసేశాడు. నాకు సభలోనే అర్థమైంది” అని నవ్వారు హైమవతి గారు. “అద్దె లైబ్రరీల సంగతి నాకు తెలియదటమ్మా? కానీ నేను రాసింది ఆ సగమే. రాజ్యం రైలెక్కగానే కలం మూసేశాను. పెళ్ళి లేకపోతే లైబ్రరీలు కొనవని పబ్లిషరు గోల. మిగతా సగం ఆయన కోసం రాశాను. రాస్తున్నంతసేపూ సిగ్గేసింది. మీరది చదవలేదు కదా?”

ఎలిజబెత్ కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చదివానండీ, అదే నాకు నచ్చిందండీ, ఇన్నేళ్ళుగా మీ పెళ్ళిళ్ళ కోసమే మీ పుస్తకాలు చదువుతున్నానండీ అని చెప్పడానికే నోరు తెరిచింది. కళ్ళద్దాల వెనక ఆ కళ్ళలో కనిపించిన ఆశ ఆమె నోరు నొక్కేసింది.

“లేదండీ” అంది.

“చదవకండి” అంటూ రచయిత్రి ఆమె చేతులు పట్టుకున్నారు. “నిన్న మీ మాటలు విన్నాక ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఎవరికీ పెళ్ళి చెయ్యను.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బందరు కాలవ చూస్తూ ఎలిజబెత్ ఏడ్చింది. ఉన్నమాట చెప్పడానికి రెండుసార్లు ఆవిడ ఎదుట నిలబడింది, రెండుసార్లూ ప్రేమ కొద్దీ అబద్ధమే చెప్పింది. నిన్న ధైర్యం చేసి ఉంటే ఆవిడకు కాస్త బాధ కలిగేది, అంతే. ఇప్పుడు పుట్టబోయే కథానాయికలందరి ఉసురూ తనకే తగులుతుంది.

ఏడాది తిరిగేసరికి కొత్త నవల వచ్చింది. ఈసారి జక్కయ్య అట్టల మీద అంకెలు శ్రద్ధగా వేశాడు. రెండు సగాల్లోనూ ఎవరికీ పెళ్ళి కాలేదు, కథానాయిక ఏడ్చినంతసేపూ ఓదార్చే దిక్కు లేదు. మొదటి సగంలో, ఈసారి చిరగకుండా మిగిలిన ముందు పేజీలో, ‘సగం చదివి సాంతం గ్రహించిన కంకిపాడు ఎలిజబెత్ గారికి’ అని అంకితం అచ్చయి ఉంది. అప్పుడప్పుడే మాటలు కలిపిన పద్మావతమ్మ అది చదివి మళ్ళీ పిట్టగోడ వైపు రావడం మానేసింది. రైలువాళ్ళూ పెళ్ళివాళ్ళూ ఒక్కటైపోయారు.

ఆ నవల మీద మాత్రం కంకిపాడులో రెండో అభిప్రాయం లేదు: తప్పంతా టీచరమ్మదే.