అశోక్‌నగర్‌లో లంగరు వేసిన ఇల్లు

మనిషి నదుల ఒడ్డున స్థిరపడినప్పుడు నాగరికత మొదలైందని బళ్లో సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఉంటుంది. ఆ మనిషి తన మురుగును ఎక్కడ వదలాలన్న ప్రశ్న మాత్రం వేల ఏళ్లు అలాగే ఉండిపోయి, చివరికి 1996లో, చిక్కడపల్లిలో, ఒక ఇడ్లీ హోటల్ పైన ఉన్న రెండు గదుల ఆఫీసులో పరిష్కారమైంది.

ఆ ఆఫీసు పేరు నౌకా మురుగు నివారణ శాఖ, హైదరాబాద్ విభాగం. రేవుల్లో నిలిచే పడవలు మరుగుదొడ్ల మురుగును నీళ్లలోకి వదలకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. మంచి నిషేధమే. కోస్తా జిల్లాలకే ఇస్తే మిగతా జిల్లాలు చిన్నబుచ్చుకుంటాయని అన్నింటికీ ఒక్కో ఆఫీసు మంజూరు చేసింది. (హైదరాబాద్‌కు సముద్రం లేకపోవడం ఆర్థిక శాఖ పరిశీలనలో ఉంది.) హుస్సేన్‌సాగర్‌లో పడవలు ఉన్నాయి గానీ అవి వేరే శాఖవి. ఒక శాఖ పడవలో ఇంకో శాఖ కాలు పెట్టదు.

అధికారి కాశీవిశ్వనాథం గారు ఓడరేవు పట్నం నుంచి బదిలీ మీద వచ్చారు. రోజూ పొద్దున కిటికీలోంచి రోడ్డు వైపు చూసి, పడవలు రాలేదని రాసి సంతకం పెట్టేవారు. ఒక్క కేసు కూడా పట్టని ఆఫీసును దసరాకల్లా మూసేస్తామని పైనుంచి కబురు వచ్చింది. ఆయన దిగులుపడ్డారు. ఆగస్టులో వాన పడింది.

అదే వానలో, అశోక్‌నగర్‌లో నాలా పక్క గల్లీలో, పద్మ అనే పిల్ల పుస్తకాలు గుండెకు హత్తుకుని మంచం మీద నిలబడి ఉంది. ఊళ్లో పదో తరగతి పాసై, నారాయణగూడలో ఇంటర్ చదవడానికి చిన్నమ్మ కమల ఇంట్లో ఉంటోంది. ఎవరైనా పేరు అడిగితే కాలి బొటనవేలి వైపు చూస్తూ చెప్పే పిల్ల. నాలా పొంగి ఇంట్లోకి మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి. వాటిని నీళ్లు అనడం మర్యాద కోసమే. గాంధీనగర్ పైపులు, చిక్కడపల్లి పైపులు, ఆ ఆఫీసు పైపుతో సహా, అన్నీ ఆ నాలాలోకే వస్తాయి.

గొడుగు వేసుకుని, ప్యాంటు మడిచి, అటెండరు పీరయ్యను వెంటబెట్టుకుని కాశీవిశ్వనాథం గారు గడప ముందు నిలబడ్డారు. చాలాకాలానికి సముద్రం చూసిన మనిషి ముఖంలా ఉంది ఆయన ముఖం.

"అమ్మా, ఈ నివాసం నీళ్లలో ఉన్నట్టేనాండీ?"

"కండ్ల ముందే ఉంది గద సార్," అంది కమల, బకెట్‌తో ఎత్తిపోస్తూ.

"లోపల మనుషులు ఉంటారా?"

"ఉండక యాడికి పోతం?"

"మరుగుదొడ్డి ఉందా? దాని పైపు ఎందులోకి వెళ్తుంది?"

"అందరిది యాడికి పోతదో మాది గూడ గాడికే. నాలలకు."

"ఇల్లు కదులుతుందా?"

"ఇల్లెట్ల కదుల్తది సార్. జర సోయిల ఉండి అడుగుండ్రి."

"పీరయ్యా, లంగరు వేసి ఉంది అని రాయి."

నిషేధం రెండో నిబంధన ప్రకారం, నీళ్లలో నిలిచి, మనుషులను మోస్తూ, తన మురుగును ఆ నీళ్లలోకే వదిలేది ఏదైనా పడవే. కమల భర్త బాలకిషన్ నారాయణగూడలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. బేరం ఆడటం వచ్చిన మనిషి.

"పడవ అయితే తేలాలె గద సార్," అన్నాడు. "ఇది తేలుతలేదు."

"తేలడం పడవ సామర్థ్యానికి సంబంధించిన విషయమండీ. అది మా పరిధిలోకి రాదు."

మరుగుదొడ్డి తలుపుకు తాళం వేసి, లక్క కరిగించి సీలు పెట్టారు. పీరయ్య ముఖం పక్కకు తిప్పుకుని, "నేనేం జేస్త అక్క," అన్నాడు మెల్లగా. "మా ఆఫీసు పైపు గూడ గీ నాలలకే వస్తది. గని మేం పైఅంతస్తుల ఉన్నం. నీళ్లల్ల లేం."

మర్నాటికి నీళ్లు పోయాయి, సీలు పోలేదు. బాలకిషన్ ఆఫీసుకు వెళ్లి ఇల్లు ఆరిపోయిందని చెప్పాడు. అది ఆటు అని, ఆటుకు ఒడ్డున పడి ఉన్నంత మాత్రాన పడవ పడవ కాకుండా పోదని కాశీవిశ్వనాథం గారు ఓపికగా వివరించారు. రేవు హద్దు దాటి వెళ్లి ఎవరి దొడ్డి వాడుకున్నా మాత్రం అభ్యంతరం లేదట. హద్దు బర్కత్‌పుర దగ్గర గీశారు.

బర్కత్‌పురలో బాలకిషన్ అక్క రాగిణి ఇల్లు ఉంది. తెల్లవారకముందే ముగ్గురూ బయల్దేరేవారు. మొదటిరోజు ఆమె చాయ్ ఇచ్చింది. తర్వాత, "వచ్చిండ్రా పడవోళ్లు," అని తలుపు తీసేది. వారం తిరిగేసరికి, "చాయ్ పెట్టనులే కమలా, తాగితే మళ్ల రావాల్సొస్తది," అంది. పద్మ కాలేజీలో నీళ్లు తాగడం మానేసింది. మధ్యాహ్నం క్లాసులో బోర్డు మసకగా కనిపించేది.

ఆ సంగతి ఊరికి చేరింది. పద్మ నాయన పోచయ్య మక్కకంకుల సంచితో దిగాడు. తాళం చూశాడు, లక్క ముద్ర చూశాడు.

"మా ఊర్ల దొడ్డి లేకున్నా చెలక ఉంది," అన్నాడు. "మీ పట్నంల ఉన్నదానికి గూడ తాళమేసిండ్రు. బిడ్డ, బట్టలు సదురుకో."

"నాలుగు రోజులు ఆగు బావ," అంది కమల.

"ఆగే పనేనా గిది?"

ఎవరూ నవ్వలేదు. పద్మ ట్రంకు పెట్టె మీద కూర్చుండిపోయింది. ఊళ్లో పదో తరగతి తర్వాత ఇంకో తరగతి లేదు, బీడీలు చుట్టే చాట ఉంది. పదో తరగతిలో ఆమె పక్కన కూర్చున్న పిల్లలందరూ ఇప్పుడు ఆ చాటల ముందే కూర్చున్నారు. సాయంత్రం బస్సుకు ముందు ఒకసారి ఆ సారును అడిగి చూద్దామని బాలకిషన్ అందరినీ చిక్కడపల్లి తీసుకెళ్లాడు.

కాశీవిశ్వనాథం గారు సానుభూతితో విన్నారు. (విచారణ సమయంలో సానుభూతి చూపవచ్చని నియమావళిలో ఉంది.) పడవ ఉన్నంతకాలం సీలు ఉంటుందన్నారు. పోచయ్య లేచి కండువా దులిపాడు. అప్పుడు పద్మ, బల్ల మీది ఇంకు స్టాంపుతో మాట్లాడుతున్నట్టుగా అంది.

"సార్... మునిగిన పడవకు గూడ సీలు ఉంటదా?"

కింద హోటల్లో పిండి గ్రైండరు తిరుగుతోంది. అధికారి నియమావళి తిరగేశారు, మళ్లీ మొదటినుంచి తిరగేశారు. మునిగిన పడవ నిషేధం పరిధిలోకి రాదు. పైగా కేసు పట్టినట్టూ అవుతుంది, పరిష్కరించినట్టూ అవుతుంది. ఆఫీసు ఉంటుంది.

"అమ్మాయి పైకి వస్తుందండీ," అన్నారు ఆయన పోచయ్యతో.

మునిగినట్టు ధ్రువీకరించడానికి గజ ఈతగాడు కావాలి. ఆ పోస్టు ఖాళీగా ఉండటంతో పీరయ్యకు అదనపు బాధ్యతలు అప్పగించారు. అతను వచ్చి, వంటింట్లో పొడి నేల మీద కూర్చుని, ముక్కు మూసుకుని, కాసేపాగి వదిలి, "మునిగింది," అన్నాడు. కమల అతనికి చాయ్ ఇచ్చింది. సీలు తీసేశారు. గేటుకు రేకు బోర్డు బిగించారు. "మునిగిన పడవ. లోపల ఎవరూ లేరు."

"మునిగితే మునిగింది," అన్నాడు పోచయ్య బస్సెక్కుతూ. "సదువుకో బిడ్డ."

మరుసటి ఏడు వాన ఇంకా గట్టిగా పడింది. నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ముగ్గురూ డాబా ఎక్కారు. మధ్యాహ్నానికి సహాయక పడవ గల్లీలోకి వచ్చి, పక్కింటివాళ్లను ఎక్కించుకుని, వీళ్ల గేటు ముందు ఆగింది. దాని మీది ఉద్యోగి రాఘవేందర్ బోర్డు చదివి, ముందుకు తెడ్డు వేయమని చెయ్యి ఊపాడు.

పద్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తి అరిచింది. "అన్నా, మేమున్నం."

"కనవడ్తున్నరు చెల్లె," అన్నాడతను. "గని రాతల లేరు. ఇండ్లు మునిగితేనే మేం. మునిగిన పడవలది చేపల శాఖ."

"వాళ్లెప్పుడొస్తరు?"

"వానలు తగ్గినంక వస్తరు. పరేషాన్ గాకు."

నీళ్లు తగ్గేదాకా వాళ్లు డాబా మీదే ఉన్నారు. పద్మ గొడుగు కింద కూర్చుని సెకండియర్ పుస్తకం చదివింది. ఇప్పుడామెను ఊరికి తీసుకుపోతానని ఎవరూ అనలేదు. లోపల ఎవరూ లేరని ప్రభుత్వమే రాసింది.

ఆ నెలాఖరున కాశీవిశ్వనాథం గారి నివేదిక పైకి వెళ్లింది. హైదరాబాద్ జిల్లాలో మురుగు వదిలే పడవ ఒక్కటి కూడా మిగల్లేదని అందులో ఉంది. అది అక్షరాలా నిజం. పద్మ చీపురుతో గడప దాటిస్తున్న మురుగులో పడవ వదిలింది ఒక్క చుక్క కూడా లేదు.