సుహాసినికి కేటాయించిన అమ్మాయి

ఆ విశ్వవిద్యాలయంలో బదిలీ మీద వచ్చిన వాళ్ళకి హాస్టల్ గదిని కేటాయించరు. చదువు మధ్యలో ఇంటికి వెళ్ళిపోయిన విద్యార్థిని కేటాయిస్తారు. గది ఆ విద్యార్థితో పాటే వస్తుంది. ఏడాది మధ్యలో రిజిస్టరులో పేరు కొట్టేయకూడదు కాబట్టి, పేరును ఉంచి మనిషిని మార్చడం చాలాకాలంగా ఉన్న పద్ధతే.

పాలకొండ దగ్గర తను చదివే కాలేజీ మూతపడటంతో బొడ్డేపల్లి సుహాసిని రెండో ఏడాదిలో ఇక్కడికి వచ్చింది. ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకు గది ఇచ్చేవాళ్ళు దొరకలేదు. హాస్టల్ రాకపోతే చదువు మానేసి వచ్చేయమన్నాడు తండ్రి సింహాచలం.

వసతి విభాగం సూపరింటెండెంటు మంగతాయారు మూడు ఫైళ్ళు ముందు పెట్టింది.

“ముగ్గురు ఖాళీగా ఉన్నారమ్మా. ఈ పిల్లది గాలొచ్చే గది, కానీ మాఘంలో పెళ్ళి. పీటల మీద నువ్వే కూర్చోవాలి. ఈ పిల్లకి నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయి. మూడోది ధరణి. కామెర్లొచ్చి ఇంటికెళ్ళింది. ఏ గొడవా లేదు.”

“అసలేం లేదా అండీ?”

“రూమ్మేటుతో మాటల్లేవు. అంతే.”

సుహాసిని ధరణిని తీసుకుంది. మెస్‌లో ఆమెకు ఉప్పూ నూనే లేని కూర వడ్డించేవారు. అసలు ధరణి ఇంట్లోనే మంచం మీద ఉన్నా, రిజిస్టరు ప్రకారం కూతురు హాస్టల్లో ఉంది గనుక, వాళ్ళమ్మ రోజూ సాయంత్రం హాస్టలుకే ఫోన్ చేసి కళ్ళు పచ్చగా ఉన్నాయా అని అడిగేది. తగ్గుతున్నాయని సుహాసిని చెప్పేది.

రూమ్మేటు మెహరున్నీసాకు ధరణితో ఇస్త్రీపెట్టె దగ్గర వచ్చిన తగవు ఇంకా తీరలేదు. నెల తర్వాత సుహాసిని ఉండబట్టలేక క్షమించమంది.

“ఆ మాట ధరణి చెప్పాలి,” అంది మెహరున్నీసా.

“ధరణి అంటే నేనే కదా.”

“అయితే నీతో మాట్లాడను.”

సుహాసినికి గదిలో కాలు నిలిచేది కాదు. లైబ్రరీలో పుస్తకం తెరిచి, మూసి, క్యాంటీన్‌కి వెళ్ళి, టీ తాగకుండానే వరండాలోకి వచ్చేది. తన పేరు ఎవరైనా పిలుస్తారేమోనని చెవి అటే ఉండేది. ఒకరోజు క్యాంటీన్‌లో ఎవరో “సుహాసినీ!” అని పిలిచారు. ఆమె తిరిగేలోపే పక్క బల్ల దగ్గర ఇంకో అమ్మాయి లేచింది.

ఆ అమ్మాయి ధరణి. జబ్బు నయమై తిరిగొచ్చింది. తన చోటు నిండిపోవడంతో, ఖాళీగా పడివున్న సుహాసినిని, ఒక గది జతచేసి, ఆమెకు కేటాయించారు.

“నీ సంతకం భలే కష్టం. ‘హా’ దగ్గర చెయ్యి తిరగట్లేదు,” అంది ధరణి. “మీ నాన్నగారు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తారు. మంచి మనిషి.”

తండ్రి తనకు ఫోన్ చేసి పదిహేను రోజులైందని సుహాసినికి అప్పుడు తట్టింది.

ఇద్దరూ మార్చుకుంటామని దరఖాస్తు పట్టుకుని వెళ్ళారు. మంగతాయారు ఓపిగ్గానే చెప్పింది. “మార్చాలంటే ముందు మీరిద్దరూ ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేశాక వరసలో వాళ్ళకే ఇవ్వాలి. మీలో ఏ ఒక్కరు దొరికినా చాలని బయట నలభైమంది ఉన్నారు.”

వాళ్ళు తొంగిచూశారు. వరండా పొడుగునా పెట్టెల మీద అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. ఒకామె లేచి, ఆశగా, “ఖాళీ అవుతున్నారా అక్కా?” అంది. ఇద్దరూ దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

ఆ ఆదివారం సింహాచలం పనసతొనల సంచీతో వచ్చాడు. గేటు దగ్గర ఇచ్చిన చీటీలో ఎవరిని చూడాలో రాసి ఉంది. చీటీలో లేనివాళ్ళని దారి అడగొచ్చు, ఇంకేం మాట్లాడినా కేటాయింపు రద్దు. మెట్ల దగ్గర సుహాసిని ఎదురుపడింది. ఆయన ఆగిపోయాడు. వాచ్‌మన్ ఇటే చూస్తున్నాడు.

“మా పిల్ల సుహాసిని ఏ గదిలో ఉందమ్మా?” అన్నాడు సింహాచలం. తర్వాత గొంతు తగ్గించి, “తిండీ అదీ బాగుంటందా?” అన్నాడు.

“బాగుంటుంది,” అంది సుహాసిని. ఆయన సంచీలో చెయ్యి పెట్టి, చీటీ చూసి, ఖాళీ చెయ్యి బయటికి తీశాడు.

“ఎడమవైపు చివరి గది, అంకుల్.”

ఆయన తలూపి అటు నడిచాడు. ఆయన సరైన తలుపే తడతాడో లేదోనని ఆమె నిలబడి చూసింది. సరైనదే తట్టాడు.